ఇస్సాకు వేలిగుర్తు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. నరసరావుపేటలో మా పిన్నమ్మ ఒకావిడ ఉండేది. కరెంటు పోతే చాలు, వీధిలోంచి తనను ఎవరో పేరు పెట్టి పిలిచారని మొదలుపెట్టేది. నేను లేచి అవతలికి వెళ్లిపోయేదాన్ని. బీఎస్సీ చదివాను, తూకాలూ కొలతలూ చూసే ఉద్యోగం చేశాను. కళ్లతో చూసినదాన్ని కూడా ఇంకోసారి కొలిస్తే తప్ప నమ్మని మనిషిని. ఇది చదివి మీరు నవ్వుకున్నా నాకేం బాధ లేదు. మీ చోట నేనుంటే నేనూ నవ్వేదాన్నే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నల్లపాడు అవతల ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని నాది. ఒక పక్క మిరపకాయల కోల్డ్ స్టోరేజీ, ఇంకో పక్క పత్తి మిల్లు. గాలి ఇటు మళ్లితే వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరం తుమ్మేవాళ్లం. ఆ రెంటి మధ్యా కూర్చుని మేము టంగ్‌స్టన్ కడ్డీలు తయారుచేసేవాళ్లం.

ఆ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. టంగ్‌స్టన్‌ను ఇనుములాగా కరిగించి పోత పోయడం కుదరదు. అది కరిగేంత వేడి పెడితే దాన్ని పట్టుకునే పాత్రే మిగలదు. అందుకని పొడిగానే తెచ్చుకుంటాం. అందులో కొంచెం నికెల్ పొడి, కొంచెం ఇనుప పొడి కలిపి, పొడవాటి రబ్బరు తొడుగుల్లో నింపి, మూతి బిగించి, నీళ్ల ప్రెస్సులో అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కుతాం. తొడుగు విప్పితే సుద్దముక్కలాంటి కడ్డీ వస్తుంది. గట్టిగా పట్టుకుంటే అంచు రాలిపోతుంది.

దాన్ని హైడ్రోజన్ నిండిన ఫర్నేసులో పెడతాం. నికెల్, ఇనుము కరిగి, బెల్లం పాకం ఉండను పట్టినట్టు టంగ్‌స్టన్ రేణువులను పట్టుకుంటాయి. మధ్యలో ఉన్న ఖాళీలన్నీ పూడిపోయి కడ్డీ కుంచించుకుపోతుంది. లోపలికి వెళ్లినదానికంటే బయటికి వచ్చింది పొడవులోనూ లావులోనూ బాగా తక్కువ ఉంటుంది. ప్రతిసారీ అంతే. తగ్గలేదంటే కడ్డీ లోపల ఖాళీలు మిగిలాయని, పనికిరాదని అర్థం.

తొడుగులు నింపే పని ఇస్సాకుది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు, పనిచేస్తున్నంతసేపూ ఏదో ఒక కీర్తన కూనిరాగం తీసేవాడు. వయసులో ఉండగా జిన్నింగ్ మిల్లులో, పత్తి గింజలు తీసే మిషన్లో చెయ్యి పడి కుడి బొటనవేలి కొస రెండుగా చీలి అతుక్కుంది. మధ్యలో లోతుగా గాడి ఉండేది. తొడుగుకు మూత వేసే ముందు పొడిని ఆ వేలితో ఒకసారి అదిమేవాడు. చెక్కబిళ్లతో అదమాలని రూలు. ఎన్నిసార్లు అరిచినా వినేవాడు కాదు. "చెక్కతో అదిమితే నేను నింపానని ఎవురికి తెలిసిద్ది మేడమ్" అనేవాడు. ఆ చివరలు ఎలాగూ తర్వాత కోసి తీసేస్తాం కాబట్టి నేనూ ఊరుకున్నాను.

మూత పల్చటి రబ్బరు కావడంతో ఆ గుంట ప్రెస్సులో కూడా చెరిగేది కాదు. ఫర్నేసు నుంచి వచ్చిన ప్రతి కడ్డీ చివరా చిన్న గుంట, గుంట మధ్యలో, వేలికి గాడి ఉన్నచోట, సన్నటి గట్టు. కాకపోతే కడ్డీతో పాటు అదీ కుంచించుకుపోయి, ఏ పదేళ్ల పిల్లో వేలు పెట్టినట్టు ఉండేది. నువ్వు కూడా ఫర్నేసులో దూరితే మళ్లీ బడికి పోవచ్చని అందరూ అతన్ని ఏడిపించేవాళ్లు. ఈ ముచ్చట ఇంటికెళ్లి భార్యకు చెప్పుకుని నవ్వేవాడట.

ఆ ఏడు వానలు ముగుస్తున్న రోజుల్లో, వినుకొండ దగ్గర చుట్టం ఒకాయన పోతే, ఇస్సాకు నల్లపాడులో పాసింజరు ఎక్కాడు. దారిలో పట్టాల మీదికి నీళ్లొచ్చి రైలు ఆగిపోయింది. కొంతమంది దిగి నడక మొదలుపెట్టారు. అతనూ దిగాడని, వాగు వైపు వెళ్తుంటే చూశానని తోటి ప్రయాణికుడు ఒకతను చెప్పాడు. అంతే. వినుకొండ చేరలేదు, వెనక్కీ రాలేదు. పోలీసులు వెతికారు, ఫ్యాక్టరీ నుంచి కూడా మనుషులు వెళ్లారు. శవం కాదు కదా, చెప్పు కూడా దొరకలేదు.

అతని భార్య సువార్త మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. పని దిగి సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చి, బయటికి వచ్చేవాళ్ల మొహాలు చూస్తూ నిలబడేది. ఏడుపు వస్తే చేత్తో తుడుచుకునేది కాదు. వేళ్లకు కారం ఉంటుంది కదా, భుజానికేసి తుడుచుకునేది.

చర్చి అయ్యగారూ, ఆమె అన్నయ్యా ఆదరణ కూడిక పెడదామన్నారు. చనిపోయినవాళ్ల పేరున ప్రార్థన చేసి, మిగిలినవాళ్లకు ధైర్యం చెప్పే కూడిక అది. ఆమె ఒప్పుకోలేదు. అన్నయ్య చిలకలూరిపేటలో తన ఇంటికి వచ్చి ఉండమన్నాడు. నేను అక్కడుంటే ఆయన వచ్చి నన్నెక్కడ వెతుక్కుంటాడు అని అడిగేది. రాను రాను పనికి వెళ్లడం తగ్గింది, తిండి తగ్గింది, మెడ ఎముకలు బయటికి కనిపించాయి. ఈ ఎదురుచూపుతోనే ఈ మనిషి కూడా పోతుందేమోనని నాకు భయం వేసేది.

ఇస్సాకు స్థానంలో రాంబాబు అనే అతన్ని పెట్టారు. కుదురైన మనిషి, చెక్కబిళ్ల తప్ప వేలు పెట్టడు. అతను నింపిన కడ్డీల చివరలు పలకలాగా చదునుగా వచ్చేవి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఫర్నేసు నుంచి వచ్చిన కడ్డీలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తూకం వేస్తూ ఒకదాన్ని తిప్పాను. చివర గుంట ఉంది. గుంట మధ్య సన్నటి గట్టు ఉంది.

ఇస్సాకు నింపిన కడ్డీ ఏదో మూలన ఉండిపోయి ఇందులో కలిసిందనుకున్నాను. ఊరికే నా బొటనవేలు పెట్టి చూశాను. వదులుగా కూర్చుంది. తుక్కు డ్రమ్ములోంచి ఇస్సాకు రోజుల నాటి కోత ముక్క ఒకటి తెచ్చి పక్కన పెట్టాను. దాంట్లో నా బొటనవేలు పట్టలేదు. వెర్నియర్ కొలబద్దతో రెండూ కొలిచాను. కొత్త కడ్డీ మీద ఉన్న గుర్తు ఒక మగమనిషి బొటనవేలంత ఉంది, ఏ మాత్రం తగ్గలేదు.

ఒళ్లు జలదరించిందని రాయను. ముందు నాకు కోపం వచ్చింది, ఎవడో ఆకతాయి పని అనుకున్నాను. కానీ ఎలా చేశాడు? కడ్డీ గట్టిపడ్డాక చెయ్యడం కుదరదు. మా దగ్గర లోహం గట్టిదనం చూసే యంత్రం ఉంది, వజ్రపు మొనతో అదుముతుంది. అది కూడా మా కడ్డీ మీద భూతద్దానికి తప్ప కనిపించనంత చుక్క మాత్రమే పెట్టగలదు. రాయితో అరగదీస్తే గీతలు మిగలాలి, ఒక్క గీత లేదు. కడ్డీ ఒంటి మీద ఉన్న మెరుపే గుంట లోపలా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే, ఫర్నేసుకు ముందే సుద్దకడ్డీలో మనిషి వేలికంటే పెద్ద గుర్తు ఎవరో చెక్కి ఉండాలి, కుంచించుకున్నాక సరిగ్గా వేలంత మిగిలేలా.

రాంబాబును పిలిచాను. అతను దాన్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "దేవుడి తోడు మేడమ్, నేను ఏలు పెట్టలా. లోపలికి పంపేముందు మీరే చూశారు గదా" అన్నాడు. నిజమే, పగుళ్ల కోసం ప్రతి సుద్దకడ్డీనీ చూసేది నేనే. కానీ ఆ చివర చూసినట్టు నాకు ప్రత్యేకంగా గుర్తు లేదు.

అందుకని తర్వాతి విడత నేనే దగ్గరుండి చేయించాను. ప్రతి కడ్డీ రెండు చివరలూ చూసి, ట్రేలో నేనే పేర్చి, ఫర్నేసు తలుపు మూసేదాకా అక్కడినుంచి కదల్లేదు. అన్నీ చదునుగా ఉన్నాయి. చల్లారాక తలుపు తెరిపించి నేనే బయటికి తీశాను. ఒకదాని చివర గుర్తు ఉంది. అదే వేలు, అదే గాడి, అదే కొలత.

ఆ కడ్డీని గాలిలో తూచాను, నీళ్లలో తూచాను. సాంద్రత సరిగ్గా ఉండాల్సినంత ఉంది. అంటే కడ్డీ మామూలుగానే కుంచించుకుపోయింది. ఈసారి నాకు కోపం రాలేదు. తప్పు తూచానేమోనని మళ్లీ మొదటినుంచీ తూచాను, అంతే వచ్చింది.

మేనేజరు రెండు కడ్డీలూ చూసి, ఈ మాట బయటికి పోకూడదన్నాడు, వాటిని ముక్కలు చేసి తుక్కులో వేయించమన్నాడు. రాంబాబు అప్పటికే ఊరంతా చెప్పేశాడు.

మర్నాడు సువార్త గేటు దగ్గర ఆగలేదు, వాచ్‌మన్ వద్దంటున్నా నా గదిలోకే వచ్చేసింది. తల నున్నగా దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో క్యారేజీ ఉంది.

"మేడమ్ గారూ, మా ఆయన్ని లోపల పెట్టుకున్నారంట గదా. ఆయన ఏలిగుర్తు పడిందంట. బయటికి చెప్పగూడని పనైతే నేనెవురికీ చెప్పను. ఈ అన్నం ఇచ్చి పోతాను" అంది.

మా కడ్డీలు కొన్ని ప్రభుత్వం ఆర్డర్లకు వెళ్లేవి. అవి ఎందుకో మాకే చెప్పేవాళ్లు కాదు. అలాంటి గుట్టు పని ఏదో పడి ఇస్సాకును లోపలే ఉంచేశామని ఆమె అనుకుంది. ఆమె మొహం నిండా ఆశ ఉంది. అది పాత కడ్డీ అని చెప్పి పంపేద్దామనుకున్నాను. చెప్పినా నమ్మదు, రేపు మళ్లీ క్యారేజీ తెస్తుంది. రెండో కడ్డీని ఇంకా కోయలేదు. తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఒంటిచేత్తో ఎత్తబోయి, బరువుకు తూలి, రెండు చేతులా పట్టుకుంది. మా కడ్డీల బరువు చూపుకు తెలియదు. గుంటలో తన బొటనవేలు పెట్టి, మధ్యలో గట్టును తడిమింది. "ఆయనదే" అంది. నవ్వింది.

వేలు తీసింది. మళ్లీ పెట్టింది. ఈసారి నవ్వు లేదు.

"ఇది ఆయన ఏలంత ఉందే" అంది. "లోపలికి పోయింది ఏదైనా చిన్నదయ్యి వచ్చిద్దని చెప్పేవోడు. పిల్లకాయ ఏలు మాదిరి వచ్చిద్దని నవ్వేవోడు."

కడ్డీని ఆమె చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను.

"బతికున్న మనిషి నొక్కితే చిన్నదయ్యి రావాల గదా మేడమ్ గారూ."

నన్ను అడుగుతోందో, తనలో తను అనుకుంటోందో తెలియలేదు. అవునని తలూపాను. అంత బరువైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు.

ఆమె కాసేపు నేల మీద కూర్చుంది. తర్వాత లేచి, ఆ క్యారేజీ రాంబాబుకు ఇవ్వమని నా చేతిలో పెట్టింది. కూడిక పెట్టమని అయ్యగారితో చెప్తానని వెళ్లిపోయింది.

ఆ కడ్డీని కోసేశారు. ఆ తర్వాత నేను అక్కడ కొన్నేళ్లు పనిచేశాను, ఇంకెప్పుడూ ఏ కడ్డీ మీదా గుర్తు పడలేదు. ఈ రంగంలో పెద్ద చదువు చదివిన ఒకాయనకు ఒకసారి ఇదంతా చెప్పాను. లోపల గ్యాస్ బుడగలు చేరితే పైన అలాంటి సొట్టలు పడొచ్చన్నాడు. గ్యాస్ బుడగకు జిన్నింగ్ మిల్లులో చీలిన వేలు సంగతి ఎలా తెలిసిందండీ అని అడిగాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

కూడికకు నేనూ వెళ్లాను. ఇంటి ముందు షామియానా వేశారు. పాటలు, ప్రార్థన, అయ్యగారి వాక్యం అయ్యాక భోజనాలు పెట్టారు. సువార్త నా పక్కన కూర్చుని అన్నం తింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తింటోందని ఆమె అన్నయ్య నాతో అన్నాడు. ఆయన అప్పటికే ఆమె ట్రంకుపెట్టె ఆటోలోకి ఎక్కించాడు. చేతులు కడుక్కుని వచ్చి ఆమె మళ్లీ నా పక్కనే కూర్చుంది.

"ఆ ఇనుం బాగా గట్టిదా మేడమ్ గారూ" అని అడిగింది.

"చాలా గట్టిదమ్మా. మా మిషన్లు కూడా దాంట్లో గుంట పెట్టలేవు" అన్నాను.

ఆమె తన బొటనవేలిని రెండో అరచేతిలో అదిమి చూసుకుంది.

"అయితే ఎంత బలంగా నొక్కుంటాడో" అంది.