అమ్మమ్మ ఎడమకాలి చెప్పు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ అనుమానాలకు మాత్రం లోటు లేదు. పాలాయన నీళ్ళు కలిపాడేమోనని, ఆటో అబ్బాయి ఊరంతా తిప్పి తీసుకెళ్తున్నాడేమోనని, ఎదురింటావిడ నవ్వుతూ పలకరిస్తే మిక్సీ అడగబోతోందేమోనని, పొద్దున లేచింది మొదలు అదే పని. ఇది మా అమ్మమ్మ నుంచి వచ్చిన ఆస్తి. ఉన్న కాస్త పొలం మామయ్యలకు పోయింది, అనుమానం మొత్తం నాకు దక్కింది. మా అమ్మమ్మ చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఒక కన్నే మూసుకునేది. "రెండూ మూసుకుంటే పక్కనోళ్ళు ఏం చేస్తుండారో ఎట్టా తెలుస్తుందమ్మే? దేవుడికైతే అన్నీ కనపడతాయి, మనకి కనపడవు గదా" అనేది. చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చుని నేనూ అదే అలవాటు చేసుకున్నాను. (ఆవిడ కుడికన్ను తెరిచేది, నేను ఎడమకన్ను. ఇద్దరం కలిస్తే చర్చి మొత్తానికి కాపలా.)

డిగ్రీ అయిపోయి నెల్లూరులో ఇంటి పట్టున ఉండగా, కాలేజీలో నాకు సీనియర్ అయిన అక్క ఒకామె ఫోన్ చేసింది. దేశదేశాల్లో పేరున్న బూట్ల డిజైనర్ ఒకాయన మీద డాక్యుమెంటరీ తీయడానికి ముంబై నుంచి డైరెక్టరమ్మ వస్తోందనీ, ఆయన చిన్నతనం వాకాడు అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో గడిచిందనీ, అక్కడి వాళ్ళతో మాట్లాడి పెట్టే మనిషి కావాలనీ చెప్పింది. ఊరి పేరు వినగానే "అది మా అమ్మమ్మ ఊరే" అన్నాను. ఆ ఒక్క ముక్కతో ఉద్యోగం ఖాయమైంది. ఆయన బూట్లు సినిమావాళ్ళూ రాజకుటుంబాలవాళ్ళూ వేసుకుంటారని, అవి గాజు బీరువాలో పెట్టుకునేవే గానీ బురదలో వేసుకునేవి కావని నెట్‌లో చదివాను. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. అంత గొప్ప మనిషి ఆ ఊరివాడైతే మా అమ్మమ్మ నోట ఒక్కసారైనా రాకుండా ఉంటాడా?

అడిగితే అమ్మమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "బూట్లు కుట్టేవాడా? మనూళ్ళోనా? ఈ ఇసకలో బూట్లు ఎవురేసుకుంటారమ్మే?" అంది. తర్వాత కెమెరాలు, గొడుగులు, గాల్లో ఎగిరే డ్రోను దిగేసరికి ఊరికంతటికీ అనుమానం పట్టుకుంది. చెప్పుల మీద సినిమా తీసేదానికి ఇంతమంది దేనికని, ఆ ఎగిరేది రొయ్యల గుంటలకి భూములు కొలిచేదేనని తీర్మానించేశారు. డైరెక్టరమ్మ ఏ ప్రశ్న వేసినా జవాబుగా ఇంకో ప్రశ్న వచ్చేది. "ఈ ఊళ్ళో మీరు ఎన్నేళ్ళుగా ఉంటున్నారు?" అంటే, "ఏం, లేపించేస్తారా?" అనేవాళ్ళు. నేను దాన్ని ఇంగ్లీషులో "చాలా ఏళ్ళుగా" అని చెప్పేదాన్ని. కొబ్బరిబోండాం మాత్రం కొట్టి ఇచ్చేవాళ్ళు. అనుమానం అనుమానమే, మర్యాద మర్యాదే.

డిజైనర్ గారు ఇంకా రాలేదు. ముందుగా ఆదివారం ఆరాధన చూద్దామని డైరెక్టరమ్మ చర్చికి వచ్చింది, వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎక్కడైనా చర్చి బయట చెప్పులు గుట్టలుగా ఉంటాయి. ఆ ఊళ్ళో బయట చెప్పులుండవు. ప్రతివాళ్ళూ మెట్ల దగ్గర విప్పి, దులిపి, ప్లాస్టిక్ కవర్లో వేసుకుని లోపలికి తెచ్చుకుంటారు. చాప మీద కూర్చుని కవరు తొడ కింద పెట్టుకుంటారు. పాటకు లేచి నిలబడితే కవరు చంకలోకి వస్తుంది, కూర్చుంటే మళ్ళీ తొడ కిందికి పోతుంది. (చిన్నప్పటి నుంచి చూసిన నాకు ఇందులో వింతేమీ తోచేది కాదు. మీ ఊళ్ళో వాటిని బయట వదిలేస్తారా అని నేనే ఆశ్చర్యపోయేదాన్ని.) డైరెక్టరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. పాదరక్షల్ని పూజాద్రవ్యాల్లాగా చూసుకునే ఊరు, ఆ ఊరి బిడ్డ ప్రపంచానికే చెప్పులు తొడిగాడు, నా సినిమాకి గుండెకాయ దొరికింది అంది. ఎందుకిలా చేస్తారని అడిగించింది. "మా పెద్దోళ్ళు చేసినారు, మేం చేస్తుండాం" అన్నారు మగవాళ్ళు. ఒక ముసలాయన మాత్రం "చెప్పులకి కూడా వాక్యం వినపడాల గదా తల్లీ" అన్నాడు. అది ఎగతాళి అని నేను చెప్పేలోపే ఆవిడ రాసేసుకుంది.

బయట మెట్ల పక్కన ఒకే ఒక్క జత ఉంది. అది మా అమ్మమ్మది. ఊరంతా లోపలికి తెచ్చుకుంటుంటే ఈవిడొక్కతే బయట వదులుతుందేమిటని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి, చేపల పులుసు పొయ్యి మీద ఉండగా అడిగాను. పులుసులో గరిట తిప్పింది. "ఇది పెద్దోళ్ళనాటి ఆచారం కాదమ్మే. మీ తాత నాటిది" అంది. అప్పట్లో చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్ళట. కుక్కలు చెప్పులు ఎత్తుకుపోతున్నాయని మా తాతయ్య కర్ర పట్టుకుని గుమ్మం దగ్గర కాపలా కూర్చునేవాడట. ఆయనకు అది ఉద్యోగం కాదు, సేవ. ఆ సేవ చేస్తున్న రోజుల్లో చెప్పులు పోవడం మొదలైంది. ఒక ఆదివారం ఒకామె ఎడమకాలిది, ఇంకో ఆదివారం ఇంకొకాయన కుడికాలిది. "జత పోతే దొంగ అంటారు. ఒకటే పోతే ఏమంటారు? కుక్క అన్నారు. కుక్కల్ని కట్టేసినారు. అయినా పోయినాయి. ఆపైన అందరూ మీ తాత వైపు చూసినారు."

"మొహం మీదే అన్నారా?"

"అంటే బాగుండు, తగువేసుకునేదాన్ని. ఎవురూ ఏమీ అనలా. ఒకరెనకాల ఒకరు చెప్పులు సంచిలో ఏసుకోని లోపలికి తెచ్చుకున్నారు. మీ తాత కాపలా కాసేదానికి ఒక్క చెప్పు లేకుండా పోయింది. మళ్ళీ ఆ మెట్లెక్కలా ఆయన. పోయేదాకా ఆ సరుగుడు చెట్ల కింద కూర్చునే పాటలు విన్నాడు. ఆయన కాపలా కాసినకాడ నేనన్నా పెట్టాల గదా." పొయ్యి ఆర్పి, "ఈ మాట ఆ డైరెక్టరమ్మకి చెప్పబాక" అంది. తాతయ్య గురించి నాకు గుర్తున్నదల్లా చొక్కా జేబులోంచి తీసి ఇచ్చిన పిప్పరమెంట్లే. ఆ మనిషి మీద ఇంత నింద ఉందని, మా అమ్మమ్మ దాన్ని వారం వారం ఒంటరిగా మోస్తోందని నాకు ఎవరూ చెప్పలేదు.

డిజైనర్ గారు వచ్చాడు. ఊళ్ళో బూట్లసారు అని పేరు పెట్టేశారు. నెరిసిన జుట్టు, నలగని చొక్కా, వెన్నలాంటి బూట్లు. మాతో అన్నీ ఇంగ్లీషులోనే. నేను మెల్లిగా విచారణ మొదలుపెట్టాను. ఇల్లెక్కడ ఉండేది సార్ అంటే సరుగుడు తోట వైపు చెయ్యి ఊపాడు. బంధువులెవరైనా అంటే లేరన్నాడు. స్నేహితులంటే నవ్వాడు. ఇంత చక్కగా జవాబు చెప్పకుండా ఉండటం నేరస్థులకే చేతనవుతుందని నాకు నమ్మకం కుదిరింది. అమ్మమ్మ అయితే ఇంకో సంగతి పట్టింది. "వాడు మనిషి మొహం చూడడేందమ్మే? కాళ్ళే చూస్తుండాడు."

"చెప్పులు చేసేవాడు కాళ్ళు చూడక ఏం చూస్తాడు అమ్మమ్మా?"

"దొంగ కూడా కాళ్ళే చూస్తాడు" అంది.

రెండో ఆదివారం డైరెక్టరమ్మ చర్చిలో కెమెరాలు పెట్టించింది. ఊరి బిడ్డ తన బూట్లను భక్తిగా లోపలికి తెచ్చుకునే దృశ్యం ఆవిడకు కావాలి. బూట్లసారు వచ్చాడు, విప్పాడు, మెట్ల పక్కన మా అమ్మమ్మ చెప్పుల సరసన పెట్టి ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చేశాడు. డైరెక్టరమ్మ మొహం వాడిపోయింది, నా మొహం వెలిగిపోయింది. ఈ ఊరివాడైతే ఈ ఊరి ఆచారం తెలియదా? దొరికాడు! (ఆ ఆచారం ఆయన ఊరు వదిలాక పుట్టి ఉండొచ్చన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. అనుమానం ఉన్నచోట ఆలోచనకు చోటు తక్కువ.) పాస్టరయ్య ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా ఎడమకన్ను తెరిచే ఉంది కాబట్టి, బూట్లసారు చప్పుడు కాకుండా లేచి బయటికి పోవడం చూశాను. వెనకాలే వెళ్ళాను. మెట్ల పక్కన ఆయన బూట్లు రెండూ ఉన్నాయి. అమ్మమ్మ చెప్పు ఒక్కటే ఉంది.

సరుగుడు చెట్ల కింద ఇసుకలో గొంతుక్కూర్చుని, అమ్మమ్మ ఎడమకాలి చెప్పు బోర్లించి, వాకాడులో కుట్టించుకొచ్చిన పట్టీ కుట్టును గోటితో లాగి చూస్తున్నాడు. అరవబోయాను. ఆ అవసరం లేకపోయింది, అమ్మమ్మ కుడికన్ను కూడా తెరిచే ఉంది కదా, నా వెనకే వచ్చేసింది. "ఒరేయ్! ఏందిరా చేస్తుండావు నా చెప్పుతో?" అంది. ప్రపంచ ప్రఖ్యాత డిజైనర్ గారు గభాల్న లేచి, చెప్పు వీపు వెనక దాచి, "కుట్టు చూస్తుండానమ్మా... ఇచ్చేస్తా" అన్నాడు. అన్ని రోజుల్లో మేము విన్న మొదటి తెలుగు ముక్క అది. అచ్చం మా ఊరి పిల్లవాడి యాస.

అమ్మమ్మ ఆయన మొహం వంక చూసింది. "సరుగుడు కోతకొచ్చినోళ్ళ పిలగాడివా? చెట్లకింద గుడిసెలో ఉన్నోళ్ళ..." ఆయన తల ఊపాడు. ఆ తల ఊపులోనే ఆవిడకు మిగతాదంతా అర్థమైంది. మెడలో కెమెరాతో పరుగెత్తుకొచ్చిన డైరెక్టరమ్మను చేత్తో ఆపింది. "నాకు చెప్పబాక. ఈ పెట్టెకీ చెప్పబాక. లోపల సాక్ష్యాలు చెప్పే వేళయింది. నిలబడి అందరికీ చెప్పు. చెప్పకపోతే ఈ ఊరు నుంచి ఒంటి బూటుతో పోతావు" అంది. చెప్పు లాక్కోలేదు. రుజువుగా ఆయన చేతిలోనే ఉంచింది.

మా చర్చిలో సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, గేదె దొరికిందనో దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం. ఆయన మైకు పట్టుకుని, రెండో చేతిలో చెప్పు పట్టుకుని నిలబడ్డాడు. "అందరికీ వందనాలు. అప్పట్లో చెప్పులు తీసింది నేను. మాకెవురికీ చెప్పుల్లేవు. ఎట్టా కుడతారో చూద్దామని విప్పేవాణ్ణి, మళ్ళీ కుట్టేదానికి చేతనయ్యేది కాదు. జత తీస్తే దొంగతనం అవుద్దని ఒకటే తీసినా. అన్నీ ఆ చెట్ల కింద పూడ్చినా. కాపలా తాత తియ్యలా" అన్నాడు. వెనక నుంచి ఒక ముసలమ్మ "మా పెళ్ళినాటి చెప్పురా అది!" అని కేక వేసింది. ఆయన ఆగలేదు. "తాత నన్ను ఒకసారి చూసినాడు, చెప్పు చేతిలో ఉండంగా. కొడతాడనుకున్నా. పిప్పరమెంటు ఇచ్చి, కుట్టు అర్థమయిందా అని అడిగినాడు. ఎవురికీ చెప్పలా."

"చూసినాడా?" అని అమ్మమ్మ లేచి నిలబడింది. రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. "చూసి, ఇంటికొచ్చి నాకు చెప్పలేదే ఆ మనిషి!" చర్చి అంతా గొల్లున నవ్వింది. నవ్వు తగ్గాక అమ్మమ్మ కూర్చుని, కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తాతయ్య వైపు పక్కచూపులు చూసిన ముసలాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని వందనాలమ్మా అని వెళ్ళారు. ఆ సాయంత్రం నాతో అంది: "ఊళ్ళో అందర్నీ అనుమానించినానమ్మే, పాస్టరయ్యతో సహా. మీ తాతనొక్కడ్నే అనుమానించలా. చూసినావా, నా ఇంట్లోనే దాచినాడు." అంటూ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

డైరెక్టరమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఆవిడ గుండెకాయ కాస్తా చెప్పుల దొంగతనమైపోయింది మరి. సాక్ష్యం సినిమాలో ఉండి తీరాలని బూట్లసారే పట్టుబట్టి పెట్టించాడు. షూటింగ్ అయి వెళ్ళేటప్పుడు అమ్మమ్మ ఎడమకాలి చెప్పు అడిగి తీసుకుని, తర్వాత తన చేత్తో కుట్టిన జత ఒకటి పంపాడు. అమ్మమ్మ వేసుకుని రెండడుగులు వేసి, "ఇంత మెత్తగా ఉండాదంటే ఏదో మోసముంది" అని తీసి బీరువాలో పెట్టేసింది.

దొంగ దొరికాడు కదా, ఇక ఊరంతా చెప్పులు బయట వదులుతారని నేను అనుకున్నాను. సాక్ష్యం చెప్పిన మరుసటి ఆదివారం వెళ్ళి చూస్తే ఎవరి కవరు వాళ్ళ చంకలోనే ఉంది. "దొరికినాడు సరే, ఇంకా ఊళ్ళోనే ఉండాడు గదా" అన్నాడు, చెప్పులకి వాక్యం వినపడాలన్న ముసలాయన. మెట్ల పక్కన బూట్లసారు బూట్లు తప్ప ఏమీ లేవు. లోపల అమ్మమ్మ కూడా అందరిలాగే ఒక కవరు తొడ కింద పెట్టుకుని కూర్చుంది. ఏమిటిది అన్నట్టు చూశాను. "ఇంక బయట పెట్టాల్సిన పనేముంది?" అంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ చర్చికి వెళ్ళినప్పుడు నేను ఆవిడ కూర్చున్నచోటే కూర్చుంటాను. ఎడమకన్ను తెరిచి ప్రపంచాన్నంతా కాపలా కాసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈమధ్య ప్రార్థనలో రెండు కళ్ళూ మూసుకుంటున్నాను. కవరు మాత్రం తొడ కిందే ఉంటుంది.