రూతమ్మక్క భాగోతానికి వచ్చిన ఆదివారం

రూతమ్మక్కకు గిట్టనివన్నీ చెప్పాలంటే పొద్దు చాలదు. భాగోతం గిట్టదు. పెళ్ళిళ్ళలో పాడే ఎకసెక్కాల పాటలు గిట్టవు. ఆదివారం పూట ఓవర్సీరు దొర వరండాలో గ్రామఫోను తిప్పితే, కూలీ లైన్లలో, అంటే మా వరస గదుల్లో, ఉన్న జనమంతా కంచె పట్టుకుని వేలాడేవాళ్ళం. ఆవిడ మాత్రం కొంగు చెవులకు చుట్టుకుని నీళ్ళకు పోయేది. సువా పట్నంలో గుడ్డ మీద బొమ్మలు కదులుతున్నాయటక్కా అని ఎవరో చెబితే, "పక్కన మనిషి జ్వరంతో కదల్లేకపోతుంటే చూసే తీరిక లేదు గానీ, కదిలే బొమ్మలు కావాల్సి వచ్చాయా మీకు!" అని గయ్యిమంది.

నేనేమో భాగోతంలో మద్దెల వాయించేవాణ్ణి. నా పేరు నరసింహ. అయిదేళ్ళ కూలీ ఒప్పందం, గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి, ఆవిడా నేనూ మద్రాసు రేవులో ఒకే ఓడ ఎక్కి ఫిజీకి వచ్చాం. ఒకే ఓడ దిగినవాళ్ళను జహాజీలంటారు. కులం, మతం, ఊరు ఏవీ అడ్డురావు, తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క. ఆ ఓడలో నేను వాంతులు చేసుకుని, నోట్లో గంజి పోసే దిక్కులేక పడి ఉంటే, బైబిలు పక్కన పెట్టి నా తల ఒళ్ళోకి తీసుకుంది. ఒంగోలు వైపు మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆ రోజు నుంచి నాకు అక్క. అక్క అన్నాక తిట్లు ఊరికే వస్తాయి గదా!

లంబాసా దగ్గర చెరకు తోటలో మాకిచ్చిన గదులు పక్కపక్కవే. మధ్య చెక్క గోడ పైకప్పు దాకా ఉండదు. మా మద్దెల ఆవిడ చెవిలో, ఆవిడ ప్రార్థన మా చెవిలో. పనికి పోయేముందు, తను స్వయంగా కట్టుకున్న పాట ఎత్తుకునేది: "కడలి దాటించిన తండ్రీ, కలుపు చేలో తోడు రావా." ఆ గొంతు, అబ్బ, ఏం చెప్పను! వరస మాత్రం వాళ్ళమ్మ నేర్పిందట. నిజానికి అది మా వైపు భాగోతంలో గొల్లభామ వేషం వచ్చేటప్పుడు పాడే వరస. నాకు మొదటి రోజే తెలిసిపోయింది. చెప్పానా? నాకేం పిచ్చా, చీపురు తిరగేయదూ!

ఊళ్ళో అయితే భాగోతం తెల్లవార్లూ సాగుతుంది. ఇక్కడ తెల్లారకముందే కూలీల మేస్త్రీ సర్దారు కేకలతో లేపేస్తాడు కాబట్టి మేం ఆదివారం మధ్యాహ్నం ఆడేవాళ్ళం. ఆ ఏడు హాస్యగాడి వేషం సామిది. "ఒరే నరసింహా, జనం పొట్ట చెక్కలయ్యే పాట ఒకటి కట్టిపెట్టరా" అన్నాడు. నేను బసంతి మీద కట్టాను.

బసంతి కలకత్తా ఓడలో వచ్చిన హిందుస్తానీ పిల్ల. నా అన్నవాళ్ళు లేరు. మా ఆట తర్వాతి ఆదివారానికి రామ్ ప్రసాద్‌తో పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల జ్వరం పడి లేచాక, సర్దారు వారం రోజులు సగం టాస్కు ఇచ్చాడు. అందరూ చేసే పనిలో సగం అన్నమాట. జరిగింది అంతే. నేను దానికి ముక్కూ చెవులూ పెట్టి, "సర్దారు నవ్వె, బసంతి నవ్వె, టాస్కు సగమాయె" అని అల్లేశాను. వరస వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది. రోజూ గోడ మీదుగా చెవిలో పడే వరసే నోటికి వచ్చింది.

సామి పాట నేర్చుకుంటుంటే గోడ అవతల ఆవిడ వింది. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ పాట కట్టిన చేతులెవరివి తమ్ముడూ?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు మద్దెల వెనక దాచుకున్నాను. "ఎవరివైతే ఏముందిలే అక్కా. నవ్వుకోడానికి. లోకంలో లేనిదా?"

"లోకంలో ఉన్నదంతా నోట్లో పెట్టుకుంటావా? పేడ కూడా ఉంది."

సామి కిసుక్కుమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ దేవుడు నవ్వొద్దన్నాడా అక్కా? ఇక్కడ వంచిన నడుం ఎత్తకుండా ఆరు రోజులు చస్తున్నాం. ఏడో రోజు ఒక పూట నవ్వుకుంటే ఏం పోయింది?"

"నీకేం పోదు. ఆ పిల్లకు పెళ్ళి పోతుంది. రామ్ ప్రసాద్ కోపం నీకు తెలియదా? పోయినేడు అవతలి లైన్లో ఇలాంటి మాట మీదే చెరకు కత్తి లేచింది. పాట నోట్లోంచి బయటపడితే మళ్ళీ నోట్లోకి రాదు, తమ్ముడూ. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడగలిగితే పాడండి. పాడలేకపోతే మానేయండి."

"ఆ, పాడతాం! నువ్వు కూడా వచ్చి కూర్చో!" అన్నాను. భాగోతం జరిగే వైపు తల కూడా తిప్పని మనిషి ఎలాగూ రాదని నా ధీమా.

వచ్చింది!

గోనెసంచులు కలిపి కుట్టిన తెర ముందు, మొట్టమొదటి వరసలో, బసంతి చెయ్యి పట్టుకుని చతికిలబడింది. ఒళ్ళో బైబిలు. ముఖం చేదు కషాయం తాగినట్టుంది. పక్కన బసంతి మాత్రం సంబరంగా ఉంది, పాపం, దీదీ తనను ఆట చూడ్డానికి తీసుకొచ్చిందని. వెనక రామ్ ప్రసాద్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడికి తెలుగు రాదు. రాకపోతేనేం, తర్జుమా చేసిపెట్టే మహానుభావులు చుట్టూ పాతికమంది ఉన్నారు.

సామి ముఖానికి మసి పూసుకుని గెంతుతూ వచ్చాడు. జనం ఈలలు. నేను మద్దెల అందుకున్నాను. వంతవాళ్ళు "తందాన తాన" అని వరస ఎత్తారు. సామి నోరు తెరిచాడు. ఎదురుగా బసంతి, రెండు కళ్ళూ వాడి మీదే పెట్టి, నవ్వుతూ చూస్తోంది. సామి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నా వైపు చూశాడు. నాకూ నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. మద్దెల ఆపితే పరువు పోతుంది, ఆపకపోతే ఆ పిల్ల బతుకు పోతుంది. వెధవ చేతులు, అలవాటు కొద్దీ వాయిస్తూనే ఉన్నాయి. వంతవాళ్ళు మళ్ళీ "తందాన" అన్నారు.

అప్పుడు బసంతి చప్పట్లు కొట్టింది. "అరే, ఈ గానా నాకు వచ్చు!" అని, వచ్చీరాని తెలుగులో ఎత్తుకుంది: "కడలి దాటించిన తండ్రీ..."

రోజూ తెల్లారేసరికి అక్క గది ముందు కూర్చునే పిల్ల కదా, ఒక్క ముక్క తప్పు పోలేదు. ఆ వెనక ఆడవాళ్ళు అందుకున్నారు. పైదాకా గోడలు లేని గదుల్లో ఉన్నవాళ్ళకు ఆ పాట రానిదెవరికి? చూస్తుండగానే లైను లైనంతా పాడుతోంది. రాముడి భక్తులూ, మారెమ్మ భక్తులూ పాడారు, చివరికి రామ్ ప్రసాద్ కూడా పెదవులు కదిపాడు. మసి ముఖంతో సామి పాడుతున్నాడు. నేను కళ్ళు మూసుకుని వాయించాను. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు, ఒట్టు.

అక్క ఒక్కతే పాడలేదు. దేవుడి పాటను భాగోతంలో కలిపారని ఒక పక్క కోపం, పిల్ల బయటపడిందని ఇంకో పక్క సంతోషం. ఏది ముందు బయటపెట్టాలో తెలియక కొంగులో ముఖం దాచుకుంది.

ఆట అయ్యాక బసంతి పరుగున నా దగ్గరికి వచ్చింది. "భయ్యా, నా షాదీ అని దీదీ పాట పెట్టావా? నువ్వెంత అచ్ఛా మనిషివి!"

తల ఊపేద్దామనుకున్నాను. వెనకాలే అక్క నిలబడి ఉంది. నా బండారం బయటపెట్టనూ లేదు, నన్ను వెనకేసుకు రానూ లేదు. నా వైపు చూస్తూ ఉంది, అంతే. ఓడలో గంజి తాగించినప్పుడు కూడా అలాగే చూసింది. నాకు ఏడుపొచ్చింది. వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో ఉన్నదంతా చెప్పేశాను. సర్దారు సంగతి, సగం టాస్కు, నేనే కట్టానని, అన్నీ.

బసంతి ముఖం పాలిపోయింది. చెంప వాయిస్తుందనుకున్నాను. వాయిస్తే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం ఇలా అంది, "మా పెళ్ళిలో పిల్ల చేతిలో పేలాలు పొయ్యడానికి అన్న ఉండాలి. నాకిక్కడ ఎవరూ లేరు. నా మీద పాట కట్టిన నోటితోనే నలుగురిలో నన్ను చెల్లెలు అను. అప్పుడు మాఫ్ చేస్తాను."

రూతమ్మక్క ఆ తర్వాత పదేళ్ళు బతికింది. మళ్ళీ భాగోతం ముఖం చూస్తే ఒట్టు. గ్రామఫోను వినలేదు, కదిలే బొమ్మలు చూడలేదు, మమ్మల్ని తిట్టడం మానలేదు. నేనూ మద్దెల మానలేదు. కానీ పాట కట్టినప్పుడల్లా, అందులో ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసుకునేవాణ్ణి. నా పాటలు చాలా వరకు అక్కడే చచ్చేవి, మంచిదే అయింది.

బసంతి పెళ్ళికి అక్క వచ్చింది గానీ, హోమం దగ్గరికి రాలేదు. "నా దేవుడికి మాటిచ్చాను, ఇక్కడి నుంచే దీవిస్తాను" అని పందిరి బయట నిలబడింది. పిలిచినప్పుడు నేను లేచి, లైను మొత్తం వినేట్టు, "బసంతి నా చెల్లెలు" అన్నాను. రామ్ ప్రసాద్ నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. పళ్ళెం నా చేతికిచ్చారు. పేలాలు సగం కింద పోశాను.

"సరిగ్గా పొయ్యి భయ్యా," అంది బసంతి తల ఎత్తకుండానే, "నాకున్న అన్నవి నువ్వొక్కడివే."