‘బాగుంది’ అనే గడి లేదు

బావకు తిట్లంటే ప్రాణం. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అన్నం సహించదు.

పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి, లోపలి కోడుతో సహా అందరికీ ఉచితంగా వదిలేశాడు. ఏటా వాడేవాళ్ళకు సర్వే పంపేవాడు. అందులో గడులు మూడే: ‘ఏడ్చినట్టుంది’, ‘విసిగిస్తోంది’, ‘తగలెయ్యండి’. ఎవరో పాపం కింది ఖాళీలో ‘చాలా బాగుంది’ అని రాస్తే, ఫోన్ చేసి ఏదో ఒక లోపం చెప్పేదాకా వదల్లేదు. ఆ మనిషి చివరికి, మీ గొంతు బాగాలేదన్నాడు. బావ దాన్నీ రాసుకున్నాడు.

తిట్టింది తిట్టినట్టు సరిచేసేవాడు, ఒక్కటి తప్ప. ఏది చెరపబోయినా తెర మీద ‘నిజంగానా?’ అని వచ్చేది. అందరూ దాన్నే తిట్టారు. పెద్ద అచ్చాఫీసు యజమానైతే, అది తీసేయకపోతే వేరేదానికి మారిపోతానన్నాడు. ఆయన పోతే వెనకాలే సగంమంది పోతారు.

“పోనీ,” అన్నాడు బావ.

బావమరిదికి ఒళ్ళు మండింది. ఆ కోడులో సగం తన కష్టమే.

“కావలసినవాళ్ళకే ఉంచి మిగతావాళ్ళకు తీసేద్దాం బావా.”

“అప్పుడు ఎవరికి కావాలో తెలిసిపోదూ?”

“తెలిస్తే ఏం?”

“నోర్మూసుకుని తిట్లు చదువు.”

మర్నాడు బావకు చెప్పకుండా, తనే తీసేసి వద్దామని బావమరిది అచ్చాఫీసుకు వెళ్ళాడు. వచ్చిన పని చెబితే, యజమాని ఫోన్లో మాట్లాడుతూనే కానిమ్మని సైగ చేశాడు. మూల బల్ల దగ్గర టైపిస్టమ్మ పని చేసుకుంటోంది. ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి. ఒకటి జారి చెరిపే మీట మీద పడింది. తెర అడిగింది. ఆవిడ మొహం తెరకు ఆనించి చదివింది.

“కాదు నాయనా,” అంది మెల్లగా, ఇంట్లో పిల్లాడితో అన్నట్టు.

పేజీ దక్కింది. ఆవిడ అటూ ఇటూ చూసి చెయ్యి ఒళ్ళో దాచుకుంది. వణుకు సంగతి బయటపడితే ఆ కుర్చీలో మర్నాటికి ఇంకొకరుంటారు.

యజమాని వచ్చాడు. “తీసేశావా?”

“లేదండి. తియ్యం.”

“ఏం?”

“మా బావకు పిచ్చి. నాకూ అంటుకుంది. మారిపోతే మారిపోండి.”

వేరేదాని ధర కనుక్కున్నాక యజమాని మారలేదు. తిట్లు మాత్రం రెట్టింపు చేశాడు. బావ నెల తిరక్కుండా ఒళ్ళు చేశాడు.

అసలు తిట్టు మాత్రం బావమరిది అచ్చాఫీసు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే పడింది.

“‘నిజంగానా?’ అని అంత చిన్న అక్షరాలా బావా? ఆవిడకు కనపడి చావట్లేదు. ఏడ్చినట్టుంది.”

బావ మొహం చేటంత చేసుకుని, “ఇన్నాళ్ళకు తిట్టడం నేర్చుకున్నావురా,” అంటూ అక్షరాలు పెద్దవి చేయడానికి కూర్చున్నాడు.