గమ్మున

యాప్‌లో పరిచయమైన మనిషి అసలో నకిలీనో తేల్చుకోవడం ఎలాగో నన్నడగండి, చెబుతాను. ముందు వీడియో కాల్ చెయ్యమనాలి. చేశాక ఎడమచేత్తో కుడిచెవి పట్టుకోమనాలి. ఎందుకంటే ఈ రోజుల్లో మొహాలు కూడా అరువు తెచ్చుకుంటున్నారు. ఇక్కడ కువైట్‌లోనే, ఖైతాన్‌లో ఏసీలు బాగుచేసే ఒకాయన చేత నేను చెవి పట్టించాను, నాలుక బయటపెట్టించాను, కిటికీలోంచి వీధి చూపించమన్నాను. పాపం, అన్నీ చేశాడు. చివరికి గుంజీలు కూడా తియ్యాలా అని అడిగాడు. విడాకులయ్యాక ఒక మగవాడి మాటకి నేను అంతగా నవ్వడం అదే మొదలు.

ఆయనది కోనసీమ. నాదీ కోనసీమే. ఇద్దరి ఊళ్ల మధ్య ఒక్క కాలువే అడ్డం. అది చూసే ఒకరికొకరం మెసేజీలు పెట్టుకున్నాం. మళ్లీ పెళ్లంటూ చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానని నాలో నేనే ఖాయం చేసేసుకున్నాను. ఆశకి అంతుండాలి కదా, నాకు లేదు.

తర్వాత నన్ను పరీక్షించే వంతు ఆయనకొచ్చింది. అందులో తప్పేం లేదు. అంతకుముందు ఆయన నెలల తరబడి కబుర్లు చెప్పిన కోనసీమ అమ్మాయి చివరికి మీసాలున్న మగాడని తేలిందట. కానీ నేను వీడియోలోకి ఎలా వస్తాను? రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో ఆడపిల్లలు ముసుగు లేకుండా తిరుగుతారు. అందుకని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నా ఫోన్ కెమెరా మీద తన చేత్తోనే ప్లాస్టరు అంటించింది. అది పీకానంటే పని ఖలాస్. బయట కలుద్దామన్నా, నేను గడప దాటేది మామా వెనకాలే. సివిల్ ఐడీ, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, ఫొటో పంపమన్నాడు. అది పరాయివాళ్లకి పంపితే మన పేరున సిమ్ములు తీసేస్తారని కువైట్‌లో నిన్న దిగినవాళ్లకీ తెలుసు. పంపనన్నాను. ఇక మిగిలింది గొంతొక్కటే.

ఆ గొంతే నా కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం మామా నిద్రపోతుంటే మేడమీద ఆరిన బట్టలు మడతపెడుతూ ఆయనతో మాట్లాడుతున్నాను. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఒక్క నిమిషం గమ్మునుండండి, మామా వస్తాంది" అన్నాను.

"గమ్మున ఏం చెయ్యమంటారండి?" అన్నాడు.

మా కోనసీమలో గమ్మున అంటే త్వరగా అని. గమ్మున రా, గమ్మున తిను. కడప వైపు గమ్మునుండు అంటే నోరు మూసుకోమని. నేను పనిచేసే ఇంట్లో వంటమనిషిది కడప జిల్లా. వచ్చిన కొత్తలో నాకు పని నేర్పింది ఆవిడే, తిట్టిందీ ఆవిడే, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ ఆవిడే. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాది ఏళ్ల సావాసం. ఆ నాలుగు గోడల మధ్య నాకు వినపడే తెలుగంటే ఆవిడ తెలుగే.

మామా కిందికి వెళ్లాక ఆయన గొంతు మారిపోయింది. మీది నిజంగా కోనసీమేనా అంటూ మొదలుపెట్టాడు. లంకల్లోకి పడవ ఎక్కడ ఎక్కుతారు, పనసపొట్టు కూర ఎలా వండుతారు, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. ఇవన్నీ ఫోన్‌లో వెతికినా దొరుకుతాయన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండేకొద్దీ నోట్లోంచి ఏందీ, యాడా తప్ప ఇంకోటి రావడంలేదు. ఇలా కాదని, మా అక్కని లైన్లోకి తెస్తానన్నాను. అక్క పుట్టిందీ మెట్టిందీ ఒక్క ఊళ్లోనే. ఆవిడ మాట వింటే ఆయనకి ఇక అనుమానముండదని నా ధీమా.

శుక్రవారం ముగ్గురం లైన్లోకి వచ్చాం. నా బతుకులోకి ఎవరో వస్తున్నారని అక్క మురిసిపోయింది. నేను చిన్నప్పుడు కాలవలో పడ్డది, బడి ఎగ్గొట్టి అరటితోటలో దాక్కున్నది, అడక్కుండానే చెప్పేసింది. ఆయన మెత్తగా అడిగాడు, ఈవిడ మీ చెల్లెలేనాండి అని.

"గొంతు మా చెల్లిదేనండి" అంది అక్క నవ్వుతూ. "మాటే మాది కాదండి. ఎవరో కడప మనిషి దాని నోట్లో కూచుని మాట్లాడతన్నట్టుంటదండి."

అక్క వేళాకోళానికి అన్నది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

అక్క ఫోన్ పెట్టేశాక కూడా ఆయన లైన్లోనే ఉన్నాడు. మీరు మీరేనండి, నమ్మేను అన్నాడు. అమ్మయ్య అనుకునేలోపే మళ్లీ అందుకున్నాడు.

"మరేవనుకోకండి. మా రూములో అందరూ కడపోళ్లేనండి, మంచోళ్లే. పెళ్లయ్యేకైనా ఇంట్లో మన మాట వినపడాలనుకున్నానండి. మీతో మాట్లాడతంటే రూములో ఉన్నట్టే ఉంటందండి."

అబద్ధాలకోరువని తిట్టినా పడేదాన్ని. దానికి నా దగ్గర జవాబులున్నాయి. దీనికేం చెప్పను? నిజం మనిషినని రుజువు చేసుకున్నాకే కదా ఆయన నన్ను వద్దన్నాడు. అక్కని ఎందుకు పిలిచానా అని ఇప్పటికీ బాధపడతాను. అనుమానమే మిగిలినా బాగుండేది, తీర్చేందుకు ఎప్పటికైనా వీలుండేది. వంటావిడ మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఆవిడే లేకపోతే ఆ ఇంట్లో నేను మూగదాన్నయిపోయేదాన్ని.

ఉంటానండి అన్నాడు, కానీ ఫోన్ పెట్టెయ్యలేదు. ఎదురుచూస్తున్నాడని నాకర్థమైంది. అచ్చం మా అక్కలా ఒక్క మాట అంటే ఆగేవాడేమో. వెతుక్కున్నాను. బుర్రలో మాటలన్నీ అక్క గొంతుతోనే వినపడుతున్నాయి, ఒక్కటీ నా నాలిక మీదికి రావడంలేదు.

"అట్లే కానీండి" అన్నాను.