హన్మకొండ నుంచి నాచారం: మా పాప వాళ్ళింటికి

పిల్లలు ఒక ఊళ్ళో, తాము మరో ఊళ్ళో ఉండే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మాకు విడాకులై మూడేళ్ళయింది. నేను హన్మకొండలో నర్సును, రాత్రి డ్యూటీలే ఎక్కువ. అందుకని తొమ్మిదేళ్ళ మా సిరి నాచారంలో వాళ్ళ నాన్న దగ్గర ఉంటోంది. ఆయన నిరుడు లావణ్యను పెళ్ళి చేసుకున్నాడు. నెలకో ఆదివారం సిరిని ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకుని, సాయంత్రం అక్కడే అప్పగించి వచ్చేదాన్ని. వాళ్ళింటి గడప ఎన్నడూ తొక్కలేదు. ఈసారి పాపకు జ్వరం. "నువ్వే ఇంటికి రా మమ్మీ" అంది ఫోన్లో.

ఉదయం ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. తొమ్మిదిన్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగాను. నాచారానికి ఆటో అతను వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్నాడు.

"ఎవరింటికి పోతున్నవక్కా, సుట్టాలా?"

"మా బిడ్డ ఉంటది."

"మంచిగ. అల్లుడేం జేస్తడు?"

పాపకు తొమ్మిదేళ్ళే అని చెప్పబోయి, ఆ తర్వాత వచ్చే ప్రశ్న తలుచుకుని, నవ్వి ఊరుకున్నాను.

తలుపు లావణ్యే తీసింది. "లోపలికి రా అక్కా. నీకు ఇబ్బందయితదని ఆయన్ను జర బయటికి పంపిన" అంది. సిరి నిద్రలో ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. ఏ మందు ఎన్నింటికి వేసిందో లావణ్య ఒక కాగితం మీద రాసిపెట్టింది. నర్సుగా వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికితే బాగుండుననిపించింది.

పదకొండింటికి సిరి కళ్ళు తెరవకుండానే, "అమ్మా, నీళ్ళు" అంది. ఇద్దరం ఒక్కసారే లేచాం. గ్లాసు లావణ్య చేతికందింది. ఆమె దాన్ని నాకిచ్చింది. రెండు గుక్కలు తాగి సిరి కళ్ళు తెరిచింది. "మమ్మీ! నువ్వెప్పుడొచ్చినవ్?"

నిద్రలో "అమ్మా" అన్న ఆ మొదటి పిలుపు నాది కాదు.

వంటింట్లో లావణ్య తల వంచుకుని అంది: "గట్ల పిలువుమని నేను చెప్పలేదక్కా. రెండు నెలల సంది తనే పిలుస్తున్నది. వద్దనమంటే అంటా."

"అనకు. రాత్రి జ్వరమొస్తే పిలవడానికి మనిషుండాలె గదా" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని నాకు అన్నం, టమాటా పప్పు వడ్డించింది. మధ్యాహ్నమంతా సిరి నా ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని బడి కబుర్లు చెప్పింది. బయల్దేరేటప్పుడు, "మళ్ళొచ్చినప్పుడు స్టేషన్ కాడ వద్దు మమ్మీ, ఇంటికే రా" అంది. "రా అక్కా" అంది వెనక నుంచి లావణ్య.

తిరుగు బస్సు ఘట్‌కేసర్ దాటేదాకా ఏడుపు ఆపుకోలేకపోయాను. నా బిడ్డకు ఇద్దరు తల్లులున్నందుకు సంతోషించాలని తెలుసు. మెల్లగా సంతోషిస్తాను కూడా. కానీ నిద్రలో పిలిచే ఆ పిలుపు నాకు కావాలి. అది కావాలని లేకుండా ఉండడం నాకింకా చేతకాదు.

ఒక్క జాగ్రత్త: ఆదివారం సాయంత్రం వరంగల్ వైపు బస్సులు కిక్కిరిసి ఉంటాయి. సీటు కావాలంటే నాలుగింటికల్లా ఉప్పల్ చేరుకోండి. నేను ఆరింటిదాకా సిరి దగ్గరే కూర్చుండిపోయి, జనగామ వరకు నిలబడే ప్రయాణించాను.