మా బావకు రెండే చేతులు

ఎదుటి మనిషి చేతులు ఖాళీగా ఉంటే మా బావ చూడలేడు. పడవ మోటార్లు బాగుచేయడం ఆయన పని. షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టినా పలకరింపూ కుశలప్రశ్నా ఉండేవి కావు. "సరిగ్గా వచ్చారు, కాస్త ఇది పట్టుకోండి" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపే రెంచో, నూనె డబ్బానో, సగం విప్పిన మోటారో మన చేతుల్లో ఉండేది.

షెడ్డు కొలవడానికొచ్చిన పురపాలక ఉద్యోగి, బావ అందించిన తాడు కొస పట్టుకుని ఒక పూటంతా గోడవారగా నిలబడ్డాడు. కొలవాల్సిన సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చిందట. బావ మోకాలు చూడ్డానికొచ్చిన డాక్టరు నూనె డబ్బాతోనే వెళ్ళిపోయాడు. దాన్ని తిరిగివ్వడానికొచ్చి ఈసారి గరాటు పట్టుకున్నాడు.

"మీ చేతులేమయ్యాయి? పెట్టెలో పెట్టి తాళం వేశారా?" అనేది మా అక్క.

"నాకున్నవి రెండే."

"అందరికీ రెండే."

"అందుకే ఒకళ్ళవి చాలవు" అనేవాడు బావ గంభీరంగా. ఆయన నవ్వగా నేను చూడలేదు.

ఉద్యోగం పోయి నేను అక్కావాళ్ళింట చేరిన కొత్తలో గది తలుపేసుకుని పుస్తకాల్లో కూరుకుపోయేవాణ్ణి. బావ వచ్చి తలుపు కొట్టేవాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. "అక్షరాలు ఎక్కడికీ పోవు బావా. వచ్చి కాస్త పట్టుకో." అలా నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ సగం దగ్గర నల్లటి వేలిముద్రలుంటాయి.

ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ముల పడవ మోటారు వచ్చింది. ఇద్దరికీ తల నెరిసింది. తండ్రి పోయాక, మోటారు పిడి పట్టుకుని ఆయన కూర్చునే చోట ఎవరు కూర్చోవాలన్న దగ్గర మాట తెగింది. చివరికి పడవే అమ్మేద్దామనుకున్నారు. కొనే ఆయన సాయంత్రం వస్తానన్నాడు. మోటారేమో నడిపిన కాసేపటికే వేడెక్కిపోతోంది.

నేనూ బావా బోల్టులు విప్పి, నీళ్ళలో మునిగే కింది భాగాన్ని ఊడదీశాం. మోటారు చల్లబడేందుకు నీళ్ళు తోడే రబ్బరు చక్రానికి రెక్కలు ఊడిపోయి ఉన్నాయి. బావ కొత్తది వేశాడు. ఇక తిరిగి ఎక్కించాలి. కింది భాగాన్ని ఎత్తి పట్టుకుని, దాని కడ్డీ పళ్ళు పై గాడిలో కూర్చునేదాకా, పడవను తోసే పంకాని మెల్లిగా తిప్పాలి. కంటికి కనబడదు, చేతికి తెలియాలి.

అలవాటు కొద్దీ నేను ముందుకు వంగాను.

"నువ్వెళ్ళి చదువుకో బావా" అన్నాడాయన. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను.

కింది భాగం తమ్ముడి చేతుల్లో పెట్టాడు. పంకా అన్న చేతికిచ్చాడు. తాను నాలుగు బోల్టులు పళ్ళ మధ్య బిగించుకుని చూస్తూ నిలబడ్డాడు.

"కాస్త పైకెత్తమను ఆయన్ని" అన్నాడు అన్న, బావతో.

బావ తన నోరు చూపించాడు.

"పంకా తిప్పుతారేమో అడగండి" అన్నాడు తమ్ముడు, బావతోనే.

బావ మళ్ళీ నోరు చూపించాడు.

బరువుకి తమ్ముడి చేతులు కిందికి దిగిపోసాగాయి.

"తిప్పు" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

"ఎటు?"

"నీ వైపు. మెల్లిగా అన్నయ్యా, చెయ్యి నలుగుతుంది."

"ఎవరిది?"

"నీదేలే."

టక్‌మని లోపల పళ్ళు కూర్చున్నాయి. బావ షెడ్డు కప్పు వంక చూస్తున్నాడు.

మోటారు పడవకి బిగించాక నడిపి చూద్దామన్నారు. తమ్ముడు పిడి దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"కూర్చో" అన్నాడు అన్న. "వచ్చేటప్పుడు నేను."

కొనే ఆయన వచ్చేసరికి రేవులో పడవ లేదు. పొద్దు వాలుతోంది.

"ఎప్పుడొస్తారండీ?"

"మోటారు బాగా నడుస్తున్నట్టుంది" అన్నాడు బావ. "అందాకా ఇది కాస్త పట్టుకోండి."

ఆయన చీకటి పడేదాకా రెంచి పట్టుకుని కూర్చుని, చివరికి దాన్ని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. పడవ అమ్ముడుపోలేదు.

కొన్నాళ్ళకు పుస్తకం చేతబట్టుకుని, పిలవకుండానే షెడ్డుకి వెళ్ళాను. బావ ఒంటరిగా ఉన్నాడు. అలాంటి మోటారే, అలాంటి కింది భాగమే. దాని కింద కారు జాకీ ఉంది. కాలితో జాకీ తొక్కుతూ, ఒక చేత్తో పంకా తిప్పుతున్నాడు. రెండో చేతిలో టీ గ్లాసు ఉంది. చిటికెలో టక్‌మంది. టీ తొణకలేదు.

అప్పుడు నన్ను చూశాడు. గ్లాసు పక్కన పెట్టి, ఎక్కించినదాన్ని తిరిగి దించి, జాకీని కాలితో మూలన కుప్పగా పడున్న పరదా కిందికి తోశాడు.

"సరిగ్గా వచ్చావు బావా" అన్నాడు. "నాకున్నవి రెండే చేతులు."

నేను పుస్తకం బల్లమీద పెట్టి, వంగి పట్టుకున్నాను.

"మెల్లిగా ఎత్తు" అన్నాడు. "తొందరేం లేదు."