తాటాకుల మీది సువార్త, మా టీచరమ్మ

పోయిన గురువారం పొద్దున ఉదయగిరి నుంచి ఫోన్ వచ్చింది. "టీచరమ్మ పొయ్యింది రా" అన్నాడు నా చిన్ననాటి స్నేహితుడు. ఆత్మకూరులో నా ఫోటో స్టూడియో షట్టర్ సగం ఎత్తినవాణ్ణి మళ్లీ దించేసి, ఉదయగిరి బస్సెక్కాను.

ఆవిడ మాకు బడిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఒకరోజు స్టూడియోకి వచ్చి, "పాత క్రైస్తవుల ఇళ్లల్లో తాటాకుల మీద రాసిన సువార్తలు ఉండాయి. పురుగు తింటా ఉండాది. ఫోటోలు తీసి, అందరూ చదివేట్టు ఇంటర్నెట్‌లో పెడదాం. వస్తావా?" అన్నారు.

"నేను మసీదుకు పోయేవాణ్ణి గదా టీచర్" అన్నాను.

"నేనడిగింది నీకు కెమెరా పట్టడం వచ్చా అని."

వెళ్లాను.

వరికుంటపాడు దగ్గర ఒక అవ్వ మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసింది. "ముందొకాయన ఇట్టనే అడిగి ఒక తాటాకుల కట్ట తీసకపోయినాడు. మళ్లీ రాలా. ఈ కట్ట మాత్రం ఇయ్యను."

"మేం తాకం అవ్వా. నువ్వే ఆకు తిప్పు. మీ పంచలోనే ఫోటో తీసుకుంటాం" అన్నారు టీచరమ్మ.

అవ్వ ఒక్కో ఆకూ తిప్పేసరికి పొద్దెక్కిపోయింది. నాకు విసుగొచ్చి, "ఇట్టయితే ఎప్పటికవతాది టీచర్?" అన్నాను.

"ఆమె ఇల్లు, ఆమె పుస్తకం. మనం చుట్టాలం."

అవ్వకు చదువు రాదు. అందుకని ఫోటో పడగానే టీచరమ్మ ఆ ఆకును పైకి చదివేవారు. తప్పిపోయిన గొర్రెను కాపరి భుజాన వేసుకుని ఇంటికొచ్చే చోట అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"మా తాత రాసింది ఇదా? చీరలో చుట్టి దాచుకోవడమే గానీ, ఏముండాదో నాకు తెలవదమ్మా" అని కళ్లు తుడుచుకుంది.

మూడో రోజు వెళ్లేసరికి పంచలో ఇంకో కట్ట కూడా ఉంది. "ఇది ఉండాదని మొన్న చెప్పలా. మీకాడ దాచబుద్ధి కాలా" అంది అవ్వ.

తరువాత కలువాయి దాకా తిరిగాం. ఆ వెలుగు పాత ఆకులకు మంచిది కాదని ఏ ఇంట్లోనూ టీచరమ్మ నన్ను ఫ్లాష్ వెయ్యనీయలేదు. ఆకు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా వాటిని గాలిలో ఆడిస్తూ నిలబడేవారు. వెబ్‌సైటు సిద్ధమయ్యాక ఆవిడ పేరు పెడదామన్నాను.

"రాసినోళ్ల పేర్లే చానావాటికి తెలవవు. తీయించినదాని పేరెందుకు రా? దాచినోళ్ల పేర్లు పెట్టు" అన్నారు.

పెట్టాను. నా కెమెరాకు పెళ్లిళ్లు తప్ప ఇంకో పని ఉందని చూపించింది ఆవిడే.

ఉదయగిరిలో సమాధి దగ్గర పాస్టరుగారు ఎవరినైనా వాక్యం చదవమన్నారు. వరికుంటపాడు అవ్వ కోడలు ముందుకొచ్చి ఫోన్ తీసింది. తెర మీద, మా వెబ్‌సైటులో పెట్టిన వాళ్లింటి తాటాకు. అందులో మాటలు విడివిడిగా ఉండవు, బారుగా సాగిపోతాయి. ఆమె రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, కూడబలుక్కుంటూ చదివింది. పక్కన అవ్వ, కొండగాలికి ఎగిరే కొంగును పట్టుకుని, ఒక్కో మాటకూ తలూపుతూ నిలబడింది.